పాసంగం రాయి

నా రాతలో తప్పులుంటాయి. ఒత్తు ఎక్కడ పడాలో, దీర్ఘం ఎక్కడ ఆగాలో నాకు ఇంకా తడబాటే. యాభై తొమ్మిదో ఏట అక్షరాలు దిద్దినదాన్ని. ఒక పేజీ నిండేసరికి ఒక పూట గడిచిపోతుంది. ఓపిక పట్టి చదవండి. ఇంకొకరికి చెప్పి రాయించుకోవచ్చు. కానీ ఆరేళ్ళపాటు నా గుండె చెప్పినదాన్ని వేరేవాళ్ళే రాశారు, వేరేవాళ్ళే చదివారు. ఇదొక్కటైనా నా చేత్తో రాయాలనిపించింది.

మాది భీమిలి దాటాక సముద్రం ఒడ్డున ఒక పల్లె. ముప్పై ఏళ్ళు చేపల గంప నెత్తిన పెట్టుకుని తిరిగాను. తక్కెడ పట్టినవాళ్ళకు ఒక సంగతి తెలుసు. ఖాళీ పళ్ళేలు రెండూ ఎప్పుడూ సమానంగా నిలవవు. తాడు తడిసినా, పళ్ళేనికి ఉప్పు పట్టినా ఒకవైపు వాలిపోతాయి. అప్పుడు తేలికగా ఉన్నవైపు చిన్న రాయి కట్టి సరిచేస్తాం. దాన్ని పాసంగం అంటాం. కొనేవాళ్ళు తూకం రాళ్ళను అనుమానిస్తారు, పట్టిన చేతిని అనుమానిస్తారు. పాసంగం వైపు ఎవరూ చూడరు.

మా పల్లె వెనక కొండ మీద పరిశోధనశాల కట్టాక, అక్కడి పెద్ద డాక్టర్ శేషప్రభగారు తన యంత్రం గురించి చెప్పినప్పుడు నాకు గుర్తొచ్చింది ఈ రాయే.

"ఎర్రమ్మగారూ, ఎక్కడో యుద్ధం జరుగుతుంది. ఒక దేశంవాళ్ళు 'మా మనుషుల్ని ఊచకోత కోశారు' అంటారు. రెండో దేశంవాళ్ళు 'మా చర్యలో కొందరు మరణించారు' అంటారు. జరిగింది ఒక్కటే. దూరాన ఉన్నవాళ్ళు ఏది నమ్మాలి?"

"రెండూ నమ్మకూడదమ్మా. ఇద్దరు సేపలోళ్ళు దెబ్బలాడుకుంతంటే నాను వోళ్ళ నోళ్ళు సూడను, గంపలు సూత్తాను."

ఆమె పకపకా నవ్వింది. "గంపలు చూసే యంత్రమే నాది. కాకపోతే దానికొక మనిషి గుండె కావాలి. ఏ దేశమూ తెలియని గుండె."

ఆ యంత్రం పేరు సమతుల. చదవడం రాని, వార్తలు చూడని ఆడవాళ్ళను చుట్టుపక్కల పల్లెల నుంచి ఇరవై మందిని తీసుకెళ్ళారు. చేరేముందు ఒక గుమాస్తా మా అందరినీ ప్రశ్నలడిగి కాగితం నింపాడు.

"మీ ఇంట్లో ఎవరైనా పోయారా?"

"ఎవులూ పోనేదు బాబూ," అన్నాను.

"మీ ఆయన?"

"ఏటకెల్నాడు."

అతను నా నుదుటి బొట్టూ చేతి గాజులూ చూసి గీత గీసుకుని ముందుకు వెళ్ళాడు. నేను అబద్ధం చెప్పలేదు. దానయ్య వేటకే వెళ్ళాడు. వెళ్ళి అప్పటికి ఏడేళ్ళయింది. అది అతను అడగలేదు, నేను చెప్పలేదు.

పని ఇలా ఉండేది. పొద్దున పదింటికి కుర్చీలో కూర్చోబెట్టి, పక్కటెముకల మీద రాగి బిళ్ళ అతికించేవాళ్ళు. ఎడమ చెవిలో ఒక దేశంవాళ్ళు చెప్పిన వార్త, కుడి చెవిలో రెండో దేశంవాళ్ళు చెప్పిన వార్త, తెలుగులో వినిపించేది. దేశాల పేర్లు తీసేసేవాళ్ళు. నాకు అవి ఎడమ చెవి దేశం, కుడి చెవి దేశం, అంతే. ఎదురుగా తెర మీద ఒక పచ్చగీత పాకుతూ ఉండేది. "క్రూరంగా చంపారు" అంటే గీత జానెడు లేచేది. "మరణించారు" అంటే బెత్తెడు లేచేది. రెండు చెవుల్లోనూ ఒక్కో చావుకు గీత ఒకే ఎత్తున లేచేదాకా యంత్రం మాటలు మారుస్తూ పోయేది. గుండె ఎంత కదిలితే ఆ సంగతికి వార్తలో అంత చోటు. కదలకపోతే అది ఉత్త మాట కింద లెక్క, తీసేస్తుంది. చివరికి మిగిలిందే ఆ రోజు వార్త.

ఇరవై మందిలో నెల తిరక్కుండా పంతొమ్మిది మందిని ఇంటికి పంపేశారు. ఒకామెకు పసిపిల్లల పేరెత్తితే చాలు గీత ఆగేది కాదు. ఒకామెకు మగవాళ్ళు చచ్చారంటే అసలు లేచేది కాదు. మా పక్కింటి కాసులమ్మకైతే ప్రతి మాటకూ ఎగిరిపడేది.

"ఏటే వొదినా, నీది గుండా రాయా?" అని కాసులమ్మ కుళాయి దగ్గర పదిమందిలో అడిగేది. "కుర్సీలో కూకుని సావుకబుర్లు ఇనొచ్చి, ఇంటికొచ్చి పులుసన్నం తింతావు!"

"నీ గుండె పక్కింటోళ్ళ కోడి తప్పిపోయినా లబలబమంతాది కదే. అందుకే నిన్ను దింపీసినారు," అనేదాన్ని. అందరూ నవ్వేవాళ్ళు. నేను గర్వపడేదాన్ని. ఆ గర్వం తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు చల్లబడుతుంది.

ఆరేళ్ళు గడిచాయి. లోకంలో జనం అబద్ధాలతో విసిగిపోయి ఉన్నారేమో, సమతుల వార్తలే నమ్మడం మొదలుపెట్టారు. కోర్టులు నమ్మాయి, ప్రభుత్వాలు నమ్మాయి. ఎక్కడికి మందులు పంపాలి, ఎక్కడికి ఓడలు పంపాలి అన్నది కూడా ఆ వార్త చూసే తేల్చుకునేవాళ్ళు. శేషప్రభగారికి విదేశాల్లో సన్మానాలు జరిగాయి. తిరిగొచ్చి శాలువా నాకు కప్పింది. "ఇది మీది. లోకంలో అన్నిటికంటే నిలకడైన గుండె మీది," అంది.

నాలోంచి బయటికి వెళ్ళేదేమిటో చదవాలని నాకు కోరిక పుట్టింది. వినేవాళ్ళు చదవకూడదన్నది అక్కడి నియమం. అందుకని దొంగతనంగా నేర్చుకున్నాను. నా కూతురు పైడమ్మ పలక పట్టించింది. అల్లుడు ఎల్లాజి సరుకుల ఓడలో ఇంజను గదిలో పనిచేసేవాడు. ఓడ మీద నుంచి ఫోను చేసి, తెరలో కనబడుతూ, నాకు మాటలు చెప్పి రాయించేవాడు.

"అత్తా, 'ఓడ' రాయి. పలకెత్తి సూపించు. ఇదేటి, నీ ఓడకి సుక్కాని నేదు? ఇందులో నన్నెక్కిత్తే మునిగిపోతాను!"

"మునిగితే ఈదుకుని రా. నా కూతుర్ని ఊరికే సేసుకున్నావేటి?"

పైడమ్మ ఫోను లాక్కునేది. "మీ ఇద్దరి సదువూ సాలు గానీ, అన్నం తిన్నావా?" అనేది అతన్ని.

ఏడాది తిరిగేసరికి వేలు పెట్టుకుని కూడబలుక్కుంటూ చదవగలిగాను.

ఆ రోజు మంగళవారం. పదింటికి కుర్చీలో కూర్చున్నాను. కుడి చెవిలో, ఓడరేవు మీద బాంబు పడి నలుగురు చనిపోయారని వచ్చింది. గీత నాలుగుసార్లు లేచింది. ఎడమ చెవిలో, జలసంధిలో సరుకుల ఓడ మీద క్షిపణి పడి నలుగురు చనిపోయారని వచ్చింది. గీత నాలుగుసార్లు లేచింది. తర్వాత అదే గొంతు, పదిహేను మంది నావికుల ఆచూకీ లేదని చెప్పింది.

నేను విన్నాను. నాకు బాగా గుర్తుంది. విన్నాను, గోడ మీద బల్లిని చూస్తూ కూర్చున్నాను.

"చాలా బాగుంది ఎర్రమ్మగారూ," అంది శేషప్రభగారు బిళ్ళ తీస్తూ.

ఇంటికి వెళ్ళేసరికి పైడమ్మ గుమ్మంలో నేల మీద కూర్చుని ఉంది. చేతిలో ఫోను.

"అమా, ఏజెంటు ఫోన్ సేసినాడు. ఎల్లాజి ఓడ మీద బాంబేసినారంట. నాలుగు శవాలు దొరికినాయంట. మిగతావోళ్ళు... ఎల్లాజి మిగతావోళ్ళలో ఉన్నాడంట." నా చేయి పట్టుకుంది. ఆ పట్టుకు వేళ్ళు నొప్పెట్టాయి. "ఎతకడానికి ఎవులెల్నారో అంటే ఏజెంటుకి తెల్దంట. వార్తలో సూడమన్నాడు. సూత్తే నేదు. నాకు కల్లు తిరుగుతున్నాయి. నువ్వు సూడు."

నేను ఫోను తీసుకుని వేలు పెట్టి చదివాను. ఓడరేవుపై దాడిలో నలుగురు మృతి. ఓడపై దాడిలో నలుగురు మృతి. అంతే. కొత్తగా చదువు నేర్చినదాన్ని కదా, ఒక వరుస దాటేశాననుకున్నాను. మళ్ళీ మొదటి నుంచి చదివాను. మూడోసారి ఒక్కో అక్షరం మీద వేలు ఆపి చదివాను. ఆ పదిహేను మంది అందులో లేరు.

పొద్దున ఆ మాట నా ఎడమ చెవిలో పడింది. సాయంత్రం వార్తలో లేదు. మధ్యలో ఉన్నది నేనే.

పైడమ్మను తీసుకుని కొండ ఎక్కాను. శేషప్రభగారి ముందు నిలబడి, నాకు చదవడం వచ్చని చెప్పేశాను.

ఆమె మొహం పాలిపోయింది. "ఎంత పని చేశారు! మీ గుండె ఇంక పనికొస్తుందో లేదో..."

"నన్ను తీసీండమ్మా, పరవానేదు. ముందు ఆ పదిహేనుమంది ఎక్కడ పోయినారో సెప్పండి."

ఆమె నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది. పొద్దుటి వార్త మళ్ళీ వినిపించింది. నలుగురు మృతి అనగానే గీత లేచింది. పదిహేను మంది ఆచూకీ లేదు అన్నప్పుడు తెర మీద గీత నేల మీద పరిచిన తాడులా పడుకుంది. పక్కన నా కూతురు నిలబడి ఉంది. ఆ పదిహేను మందిలో నా అల్లుడున్నాడని నాకు తెలుసు. అయినా లేవలేదు.

"అమా!" అంది పైడమ్మ. ఒక్క మాటే.

శేషప్రభగారు పాత రికార్డులు తెరిచింది. నిరుటివి, అంతకుముందువి, మొదటి రోజువి. ఆచూకీ లేదు. గల్లంతయ్యారు. శిథిలాల కింద ఉన్నారు. ఇంటికి తిరిగి రాలేదు. ప్రతిచోటా గీత పడుకునే ఉంది. కాసేపటికి యంత్రం ఒక అంకె చూపించింది. ఆరేళ్ళలో వార్తల్లోంచి రాలిపోయిన మనుషులు రెండు లక్షల ఎనభై వేల మంది.

"తవ్వే యంత్రాలున్న దేశంలో శవాలు అదే రోజు దొరుకుతాయి," అంది ఆమె ఎవరితోనో మాట్లాడుతున్నట్టు. "వాళ్ళు మృతుల లెక్కలోకి వచ్చారు. తవ్వే దిక్కులేని దేశంలో అందరూ ఆచూకీ లేనివాళ్ళే. వాళ్ళని మనం... రాలిపోయింది ఎప్పుడూ పేదవాళ్ళ వైపే... ఎర్రమ్మగారూ, మీ ఆయన ఎక్కడున్నారు?"

"ఏటకెల్నాడమ్మా," అన్నాను అలవాటుగా.

"ఎప్పుడు?"

పైడమ్మ జవాబు చెప్పింది. "పదమూడేళ్ళయింది."

అప్పుడు చెప్పాను. దానయ్య పడవ రాలేదు. మిగతా మూడు పడవలూ వచ్చాయి. మా వీధిలో సముద్రం తిరిగివ్వని మనిషి కోసం ఏడవరు. ఏడిస్తే మనమే సముద్రానికి ఇచ్చేసినట్టని మా అత్త చెప్పింది. బొట్టు తీయడానికి వచ్చినవాళ్ళను నేను చేపల కత్తి పట్టుకుని తరిమేశాను. పంచాయతీవాళ్ళు కాగితం మీద వితంతువని రాస్తామంటే నోటికొచ్చినట్టు తిట్టాను. రోజూ రెండో కంచం పెట్టాను. ఎవరైనా "కనబడలేదా?" అంటే నా గుండెను పిడికిట్లో పట్టి, కదలకు, వస్తాడు, అని చెప్పేదాన్ని. అది నేర్చుకుంది. నాకంటే బాగా నేర్చుకుంది.

నేను నిలకడ అనుకున్నది అదీ. అందరూ సన్మానం చేసింది దానికి.

"ఈ సంగతి అందరికీ సెప్పీండి," అంది పైడమ్మ. "రేపే మార్సండి."

"మార్చాలంటే ఈ యంత్రాన్ని నడిపించే ఏడు దేశాల సంఘం ఒప్పుకోవాలమ్మా. పన్నెండు రోజులు పడుతుంది."

"పన్నెండు రోజులు నీల్లలో ఉంతాడా నా మొగుడు?"

శేషప్రభగారు పాత రికార్డులు మూసేసింది. "ఒకటే దారి ఉంది. రేపు పదింటికి ఈ వార్త మళ్ళీ వస్తుంది. ఎర్రమ్మగారి గుండె నిజంగా కదిలితే యంత్రం ఆపలేదు. నేనూ ఆపలేను."

మర్నాడు పొద్దున పైడమ్మ కూడా ఆ గదిలోకి వచ్చింది. కూడదన్నవాళ్ళు లేరు. పదింటికి ముందే బిళ్ళ అతికించుకుని ఎల్లాజిని తలుచుకున్నాను. పలక మీద ఓడ, తెరలో అతని పళ్ళు. కళ్ళలో నీళ్ళు వచ్చాయి. గీత లేవలేదు. బిగ్గరగా ఏడ్చాను. గీత లేవలేదు. లోపల ఆ మొండిది చెబుతూనే ఉంది, వస్తాడు, దానయ్య వస్తున్నాడు కదా, ఎల్లాజీ వస్తాడు.

"పదవడానికి ఇంకో పది నిమిషాలే ఉంది," అంది శేషప్రభగారు.

నాకు తెలిసిపోయింది. పైడమ్మను దగ్గరికి పిలిచాను.

"నా బొట్టు సెరిపీ."

అది వెనక్కి జరిగింది. "నానేటి? నా సేత్తోనా? నాన్నని సంపీమంతావా?"

"మీ నాన్న పదమూడేల్ల కితమే పోయినాడే. నానే ఒగ్గనేదు. సెరుపు. ఎల్లాజి కోసరం సెరుపు."

అది నా మొహం వంక చూసింది. తర్వాత గోడ మీద గడియారం వంక చూసింది. ఆ చూపు నేను చూడకుండా ఉంటే బాగుండేది. తన కొంగు చివర తడిచేసి నా నుదురు తుడిచింది. ఒక్కసారికి పోలేదు. పదమూడేళ్ళుగా పెట్టిన చోటు, మచ్చపడిపోయింది. మళ్ళీ తుడిచింది. గాజులు నేనే తీశాను. రెండు వచ్చాయి. మూడోది రాలేదు, కుర్చీ పిడికి కొట్టాను.

"దానయ్య సచ్చిపోనాడు," అన్నాను. ఆ మాట నా నోటి వెంట రావడం అదే మొదలు. గదిలో ఎవరో గొర్రెను కోస్తున్నట్టు శబ్దం వచ్చింది. అది నేనేనని తర్వాత తెలిసింది.

ఎడమ చెవిలో గొంతు, పదిహేను మంది నావికుల ఆచూకీ లేదు, అంది. గీత తెర దాటి పైకి వెళ్ళిపోయింది. కిందికి దిగలేదు.

ఆ మధ్యాహ్నం అన్ని దేశాల్లోనూ మొదటి వార్త అదే. ఆ వార్త కింద, ఆ రోజు శిథిలాల కింద ఉన్నవాళ్ళ సంగతి, ఇంటికి రానివాళ్ళ సంగతి, ఇన్నాళ్ళూ రానిదంతా ఒక్కసారిగా వచ్చి పడింది. జనం వీధుల్లో నిలబడి చదివారట. దగ్గరలో ఉన్న మూడు దేశాల ఓడలు జలసంధి వైపు తిరిగాయి. సాయంత్రానికి ఒక రబ్బరు పడవ దొరికింది. అందులో ఆరుగురు బతికే ఉన్నారు. మర్నాడు పొద్దున ఒక చెక్కను పట్టుకుని తేలుతున్న ఐదుగురు దొరికారు.

పదకొండు పేర్లూ పైడమ్మ చదివింది. ఎల్లాజి లేడు. "ఇంకా నలుగురు కదా, దొరుకుతారు. ఎతుకుతున్నారు కదా," అంది. దాని మొహంలో వెలుగు ఉంది.

ఆ మధ్యాహ్నమే ఏడు దేశాల సంఘంవాళ్ళు ఒక సవరణ వేశారు. అది నేనే చదివాను, ఎవరూ చదివిపెట్టలేదు. "నిన్నటి వార్తలో అవసరమైనదానికంటే ఎక్కువ బాధ చేరింది. కొలమానంగా ఉన్న వ్యక్తికి ఒక పక్షంతో బంధుత్వం ఉన్నట్టు తేలింది. ఆ వార్తను పాఠకులు లెక్కలోకి తీసుకోవద్దు. చింతిస్తున్నాం."

ఓడలు వెనక్కి తిరిగాయి.

వార్త తప్పని వాళ్ళెక్కడా అనలేదు. పదిహేను మంది ఉన్నారు, పదకొండు మంది దొరికారు, నలుగురు నీళ్ళలో ఉన్నారు. అదంతా నిజమే. బాధ ఎక్కువైందట. నేను ఆ ఫోను పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. కాసులమ్మ వచ్చి చేతిలోంచి తీసి, గోడకు ఆనించి కూర్చోబెట్టింది. ఆ రోజు దాని నోటి వెంట ఒక్క ఎకసెక్కం రాలేదు.

శేషప్రభగారు ఉద్యోగం వదిలేసింది. సంఘంవాళ్ళు కొత్త గుండె కోసం చూస్తున్నారు. ఇంట్లో ఎవరూ పోనివాళ్ళు, ఎవరి కోసమూ ఎదురుచూడనివాళ్ళు కావాలట. మూడేళ్ళుగా దొరకలేదు. అందాకా నా పాత గీతలతోనే యంత్రం నడుస్తోంది.

వెళ్ళేముందు ఆమె ఆ రెండు లక్షల ఎనభై వేల మంది గురించి రాలిపోయిన వాక్యాలన్నీ అచ్చు వేయించి, పెట్టెల్లో పెట్టి మా ఇంటికి పంపింది. రోజూ పొద్దున పదింటికి కూర్చుని వేలు పెట్టి చదువుతాను. ఎడమ చెవి దేశం ఏదో, కుడి చెవి దేశం ఏదో ఇప్పుడు పేర్లతో సహా తెలుస్తుంది. ఒక్కొక్కరి దగ్గరా గుండె లేస్తుంది. కొలిచే బిళ్ళ లేదు గానీ, లేవడం నాకు తెలుస్తుంది. నా చదువు వేగానికి ఈ పెట్టెలు నా బతుకులో పూర్తికావు.

ఇప్పుడు పల్లె వదిలి, పట్నంలో పైడమ్మ దగ్గరే ఉంటున్నాను. పైడమ్మ నాతో బాగానే ఉంటుంది. అన్నం పెడుతుంది, తల దువ్వుతుంది. పోయిన నెల ఇంటింటి లెక్కలు రాసేవాళ్ళు వచ్చి, మీ ఆయన ఏం చేస్తారమ్మా అని పైడమ్మను అడిగారు. అది తలుపు పట్టుకుని నిలబడి, ఏ తడబాటూ లేకుండా, "ఓడ మీదకెల్నాడు" అంది. రాసుకునే ఆమె దాని బొట్టు చూసి రాసేసుకుంది. వాళ్ళు వెళ్ళాక నేను లేచి దాని దగ్గరికి వెళ్ళాను. నోరు తెరవకముందే చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వేటీ అనకమా. నీ సేత్తో మాత్రం నా మొగం ముట్టుకోకు."

వంటింట్లోకి వెళ్ళి రెండో కంచం కడిగింది.

నేను వెళ్ళి పెట్టెల దగ్గర కూర్చున్నాను. కింద నా పేరు తర్వాతి వరుసలో నాకు అన్నిటికంటే కష్టమైన మాట ఒకటుంది. పలక మీద చాలాసార్లు దిద్దుకుని, ఇప్పుడు కాగితం మీద రాస్తున్నాను.

ఇట్లు,
తెడ్డు ఎర్రమ్మ,
కీర్తిశేషులు దానయ్య భార్య,
వయసు అరవై మూడు,
ప్రస్తుతం విశాఖపట్నం జాలరిపేటలో, ఎల్లాజి ఇంట్లో.